ఆటిజం నిర్ధారణ: తల్లిదండ్రుల సాక్ష్యం

1938వ సంవత్సరం అక్టోబరు మాసంలో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రానికి చెందిన ఫారెస్ట్ అనే చిన్న పట్టణం నుండి ఇద్దరు దంపతులు తమ ఐదేళ్ళ కుమారుణ్ణి వెంటబెట్టుకొని ఎంతో దూరంలో ఉన్న బాల్టిమోర్ నగరానికి చేరుకున్నారు. పిల్లవాని పేరు డొనాల్డ్ ట్రిప్లెట్. వాని జ్ఞాపకశక్తి అసాధారణం. రెండేళ్ళయినా నిండకముందే పాటలు, పేర్లు కంఠస్థం చేసేవాడు. కాని తండ్రి ఇంటికి వచ్చినా, తల్లి పిలిచినా పట్టించుకొనేవాడు కాడు. గుండ్రంగా తిరిగే వస్తువు దొరికితే గంటల తరబడి దానితోనే కాలక్షేపం చేసేవాడు. ఇంటి నుండి వేరుచేయటం మంచిదన్న సలహా మీద తల్లిదండ్రులు వానిని కొంతకాలం ఒక సంస్థలో ఉంచారు. మనసొప్పక తిరిగి తెచ్చుకున్నారు. తండ్రి న్యాయవాది. బాల్టిమోర్‌కు రావటానికి ముందే, తాను గమనించిన ప్రతి విషయాన్నీ పేర్కొంటూ 33 పుటల లేఖ వ్రాయించి అక్కడి వైద్యునికి పంపాడు.

ఆ వైద్యుడు జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో పిల్లల మానసిక వైద్య విభాగానికి పెద్ద అయిన లియో కానర్. ఐదేళ్ళ తరువాత, 1943లో, ఆయన పదకొండు మంది పిల్లలను గురించి ఒక వ్యాసం ప్రకటించాడు. ఆ పదకొండు మందిలో మొదటివాడు డొనాల్డ్. ఆ వ్యాసంలో డొనాల్డ్‌ను గురించిన వివరాలలో అధికభాగం తండ్రి లేఖ నుండి గ్రహించినవే. ఆధునిక వైద్యశాస్త్రంలో ఆటిజం చరిత్ర ఒక తండ్రి వ్రాసిన ఉత్తరంతో మొదలైనదనటం అతిశయోక్తి కాదు.

ఈ సంగతి ముందుగా చెప్పటానికి కారణం ఉన్నది. నాటికీ నేటికీ వైద్యం ఎంతో ముందుకు సాగినది. అయినా ఆటిజాన్ని తేల్చి చెప్పగల రక్తపరీక్ష ఈనాటికీ లేదు. ఎక్స్‌రేలో అది కనబడదు. మెదడు స్కానింగులో తేలదు. బిడ్డ ప్రవర్తనను నిపుణులు స్వయంగా పరిశీలించాలి. బిడ్డ పెరిగిన తీరును తల్లిదండ్రులు చెప్పాలి. ఈ రెండూ కలిస్తేనే నిర్ధారణ. కనుక పరీక్ష కోసం ఆసుపత్రి మెట్లెక్కే తల్లిదండ్రులు చేతులు కట్టుకొని తీర్పు కోసం నిలుచున్నవారు కారు. వారు ఆ పరీక్షలో ప్రధాన సాక్షులు. వారి సాక్ష్యం ఎంత త్వరగా, ఎంత స్పష్టంగా అందితే బిడ్డకు అంత మేలు.

ఆటిజం అనే మాటను 1911 ప్రాంతంలో స్విట్జర్లాండు వైద్యుడు యూజెన్ బ్లాయిలర్ వేరొక సందర్భంలో ప్రయోగించాడు. గ్రీకు భాషలో ‘ఆటోస్’ అంటే తాను. తనలో తానై ఉండటం అని భావం. తెలుగులో దీనిని స్వలీనత అని కూడా అంటున్నారు. ఇది అంటువ్యాధి కాదు, పిచ్చి కాదు. మెదడు ఎదిగే తీరులో పుట్టుక నాటి నుండే ఉన్న భేదం. దీని లక్షణాలను నిపుణులు రెండు వర్గాలుగా చెపుతారు. ఇతరులతో కలగలుపుగా ఉండటంలోను, మాటలోను సైగలోను భావం పంచుకోవటంలోను కలిగే ఇబ్బంది మొదటిది. చేసిన పనినే మళ్ళీ మళ్ళీ చేయటం, అలవాటు తప్పితే తల్లడిల్లటం, చప్పుడు, వెలుతురు, స్పర్శ, రుచి వంటివాటికి విపరీతంగా స్పందించటం లేదా అసలు స్పందించకపోవటం రెండవది.

ఈ లక్షణాలు అందరిలో ఒకే పాళ్ళలో ఉండవు. జీవితాంతం ఒక్క మాట కూడా పలుకనివారున్నారు. పట్టభద్రులై ఉద్యోగాలు చేస్తున్నవారూ ఉన్నారు. కొందరిలో బుద్ధిమాంద్యం తోడై ఉంటుంది, చాలామందిలో ఉండదు. ఇంద్రధనుస్సులో రంగులవలె ఇన్ని ఛాయలు ఉండటం వల్లనే 2013 నుండి నిపుణులు వీటన్నిటినీ కలిపి ఒకే విస్తృత వర్ణపటంగా పరిగణిస్తున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో ప్రపంచంలో 127 మందికి ఒకరు ఆటిజం గలవారు. ఏ పెద్ద పాఠశాలను తీసుకున్నా అందులో ఇటువంటి పిల్లలు కొందరు ఉండే ఉంటారన్నమాట.

వీటి తొలి జాడలు ఇంటిలోనే కనబడతాయి. తెలుగునాట తల్లి బిడ్డను చంకనెత్తుకొని చందమామను చూపిస్తూ గోరుముద్దలు తినిపిస్తుంది. ఏడాది బిడ్డ తల్లి వేలిని చూసి ఆగిపోడు. ఆ వేలు చూపిన దిక్కుకు చూస్తాడు. ఆ పైన తల్లి ముఖంలోకి చూస్తాడు. తాను చూసినది ఆమె కూడా చూసినదా అని నిదానించుకోవటం అది. కొద్ది నెలలలో తానే వేలు చాచి కాకిని, కుక్కను చూపిస్తాడు. మాట పుట్టక ముందే మాటకు పునాది పడే తీరు ఇది. ఆటిజం గల పసివారిలో తరచుగా కొరవడేది ఈ పునాదియే. ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవటం, ఏడాదిన్నర దాటినా వేలితో చూపకపోవటం, పదహారు నెలలకు ఒక్క మాటైనా రాకపోవటం, రెండేళ్ళకు రెండు మాటలు కలిపి సొంతంగా అనలేకపోవటం, వచ్చిన మాటలు ఏ వయసులోనైనా పోవటం – ఇవి కనబడితే ఆలస్యం చేయక నిపుణులకు చూపించాలి. వీటిలో ఏ ఒక్కటీ దానంతట అది ఆటిజానికి రుజువు కాదు. ప్రతి ఒక్కటీ పరీక్షకు తగిన కారణమే.

అనుమానానికీ పరీక్షకూ మధ్య విలువైన కాలం ఎట్లా గడచిపోతుందో తెలుసుకోవటానికి ఒక కుటుంబాన్ని ఊహించుకోవచ్చు. మహారాష్ట్రలోని భివండీ మరమగ్గాలకు ప్రసిద్ధి. తెలంగాణ జిల్లాల నుండి వెళ్ళి అక్కడ సాంచెల మీద పనిచేస్తున్న పద్మశాలి కుటుంబాలు అనేకం. అటువంటి ఇంటిలో రెండున్నరేళ్ళ బాబు ఉన్నాడనుకుందాము. ఇంటిలో తెలుగు, వీధిలో హిందీ, అంగన్‌వాడీలో మరాఠీ. బాబు దారపు కండెలను వరుసగా పేర్చుకుంటాడు. ఒక్క కండె కదిలిస్తే గుక్కపట్టి ఏడుస్తాడు. నీళ్ళు కావలసివస్తే తల్లి చేయి పట్టుకొని కుండ దగ్గరకు లాక్కుపోతాడు. నోరు తెరచి అడగడు, ఆమె ముఖంలోకి చూడడు. పిలిస్తే పలుకడు; పక్క గదిలో బిస్కట్టు పొట్లం విప్పిన చప్పుడుకు మాత్రం పరుగెత్తుకొని వస్తాడు.

తల్లికి ఏదో లోపమున్నదని తోస్తుంది. ఇంటిలో పెద్దలు తలొక మాట అంటారు. ‘వీళ్ళ నాయనకు కూడా మూడేళ్ళు దాటినంకనే మాటలొచ్చినయి’ అని నాయనమ్మ ధైర్యం చెపుతుంది. ‘మూడు భాషల నడుమ పిల్లవాడు తికమక పడుతున్నాడు, ఒక్క భాషలోనే మాట్లాడండి’ అని చదువుకున్న పొరుగువారు సలహా ఇస్తారు. దిష్టి తగిలినదని ఒకరు, సెల్‌ఫోను చూపించి చెడగొట్టారని మరొకరు. ఈ మాటలన్నీ ప్రేమతో అన్నవే. వాటి ఫలితం మాత్రం ఒక్కటే: మరొక ఆరు నెలలు గడచిపోవటం.

ఈ మాటలను ఒక్కొక్కటిగా పరిశీలించవలసి ఉన్నది. ఆలస్యంగా మాటలు వచ్చే పిల్లలు ఉన్న మాట నిజమే. అటువంటి బిడ్డ మాట రాకపోయినా వేలితో చూపిస్తాడు, సైగ చేస్తాడు, దోబూచులాటలో కేరింతలు కొడతాడు, తనకు నచ్చినది తెచ్చి తల్లికి చూపిస్తాడు. మాటతోపాటు సైగ కూడా లేనప్పుడు వేచి ఉండటం ఉచితం కాదు. ఇక బహుభాషల సంగతి. రెండు మూడు భాషలు వినబడటం వల్ల ఆటిజం రాదు. ఆటిజం గల పిల్లలు రెండు భాషల ఇండ్లలో పెరిగినందువల్ల వారి మాట మరింత వెనుకబడుతుందని పరిశోధనలలో రుజువు కాలేదు. పైగా తల్లి తన భాషను విడిచి, తనకు సరిగా రాని భాషలో బిడ్డతో మాట్లాడటం మొదలుపెడితే లాలిపాటలు, ముద్దుమాటలు, కథలు ఇంటి నుండి వెళ్ళిపోతాయి. బిడ్డకు మిగిలిన ఒక్క వంతెన కూడా కూలిపోతుంది. ఇన్ని భాషలు కలసి జీవించే భారతదేశంలో ఈ విషయం ప్రతి ఉపాధ్యాయుడూ, ప్రతి వైద్యుడూ గుర్తుంచుకోదగినది. సెల్‌ఫోను సంగతి కూడా ఇటువంటిదే. పసివారిని తెర ముందు గంటల తరబడి కూర్చోబెట్టటం మంచిది కాదు, తగ్గించవలసినదే. ఆ కారణం చెప్పుకొని పరీక్షను వాయిదా వేయటం మాత్రం తప్పు.

అన్నిటికంటె బరువైన మాట తల్లిపై వేసే నింద. ఈ నింద పల్లెటూరి పెద్దల నోటనే పుట్టినది కాదు. ఒకప్పుడు పండితులు కూడా దీనిని పలికారు. తల్లిదండ్రులలో, ముఖ్యంగా తల్లిలో, ఆప్యాయత లోపించటం వల్లనే బిడ్డ ఇట్లా అవుతాడన్న వాదం గత శతాబ్ది మధ్యకాలంలో పాశ్చాత్యదేశాలలో బలంగా వ్యాపించినది. 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ వెలువరించిన గ్రంథం ఆ వాదానికి మరింత ప్రచారం కల్పించినది. కానర్ రచనలలో కూడా తొలినాళ్ళలో ఆ ఛాయలు ఉండేవి. 1969లో ఆయనే తల్లిదండ్రుల సభలో నిలబడి వారిని ఆ అపవాదు నుండి విముక్తులను చేస్తున్నట్లు ప్రకటించాడు. అంతకుముందే, 1964లో, ఆటిజం గల బిడ్డకు తండ్రి అయిన మనస్తత్వశాస్త్రజ్ఞుడు బెర్నార్డ్ రిమ్లాండ్ ఆ వాదాన్ని ఖండిస్తూ గ్రంథం వ్రాశాడు. 1977లో ఫోల్‌స్టీన్, రటర్ అనే పరిశోధకులు 21 జతల కవలలను పరిశీలించారు. ఒకే అండం నుండి జనించిన 11 జతలలో నాలుగింటిలో ఇద్దరికీ ఆటిజం కనబడినది. వేర్వేరు అండాల నుండి జనించిన 10 జతలలో ఒక్కదానిలోనూ అట్లా లేదు. వంశపారంపర్య కారణాలకు పెద్ద పాత్ర ఉన్నదని దీనితో తేటతెల్లమైనది. ఆటిజానికి ఒక వర్ణపటమనే భావనను స్థిరపరచిన బ్రిటిషు వైద్యురాలు లోర్నా వింగ్ కూడా అటువంటి బిడ్డకు తల్లియే. భారతదేశంలో 1991లో ఢిల్లీలో ‘యాక్షన్ ఫర్ ఆటిజం’ అనే సంస్థను ఆరంభించిన మెర్రీ బరువా కూడా ఒక తల్లియే. ఏ తల్లులనైతే లోకం దోషులుగా నిలబెట్టినదో వారే లోకానికి ఈ విషయం బోధపరిచారు.

భివండీ తల్లి ముందు ఇప్పుడు ఒక ప్రశ్న ఉన్నది: ఎక్కడికి వెళ్ళాలి? పెద్ద నగరాలలోని పెద్ద వైద్యుల పేర్లే సాధారణంగా వినబడతాయి. నిజానికి మొదటి మెట్టు ఇంటికి దగ్గరలోనే ఉన్నది. 1975 అక్టోబరు 2న దేశంలోని 33 బ్లాకులలో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం ఈనాడు అంగన్‌వాడీ రూపంలో వాడవాడకూ చేరినది. వైకల్యం గల పసిపిల్లలను గుర్తించి చేర్చుకొనే విధానాన్ని వివరిస్తూ అంగన్‌వాడీల కోసం 2023 నవంబరులో కేంద్ర ప్రభుత్వం ప్రత్యేక మార్గసూచిని విడుదల చేసినది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 ఫిబ్రవరిలో ఆరంభమైనది. అది ఆరంభమైన చోటు, అప్పటికి భివండీ వలెనే థానే జిల్లాలో భాగమైన పాల్ఘర్. దీని క్రింద సంచార వైద్యబృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ పాఠశాలలకు ఒకసారి వెళ్ళి పిల్లలను పరీక్షించవలసి ఉన్నది. అవి గుర్తించవలసిన స్థితులలో ఆటిజం కూడా చేరి ఉన్నది. అనుమానం ఉన్న పిల్లలను జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపిస్తారు. ఈ కేంద్రాలు సాధారణంగా జిల్లా ఆసుపత్రులలో గాని వైద్య కళాశాలలలో గాని ఉంటాయి. అక్కడ తేలని క్లిష్టమైన సందర్భాలకు బెంగుళూరులోని నిమ్హాన్స్, వివిధ నగరాలలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలు ఉన్నాయి. తెలుగువారికి సుపరిచితమైనది 1984లో సికిందరాబాదులోని మనోవికాస్‌నగర్‌లో నెలకొన్న జాతీయ సంస్థ. మానసిక వికలాంగుల జాతీయ సంస్థగా ఆరంభమైన అది నేడు మేధో వైకల్యం గల వ్యక్తుల సాధికారత కోసం పనిచేసే జాతీయ సంస్థగా పేరు మార్చుకున్నది.

అన్ని జిల్లాలలోనూ నిపుణులు సమానంగా లేరు. పిల్లల మానసిక వైద్యులు, వికాస శిశువైద్యులు నగరాలలోనే ఎక్కువ. అందువల్ల వరుసలో నెలల తరబడి వేచి ఉండవలసిరావటం, రోజు కూలి పోగొట్టుకొని రైళ్ళలో తిరగటం సామాన్య కుటుంబాలకు తప్పని కష్టమవుతున్నది. ఒకే తిరుగుడులో ఎక్కువ పని జరగాలంటే పరీక్షలో ఏమి జరుగుతుందో ముందే తెలిసి ఉండటం అవసరం.

మొదట చెవి పరీక్ష. పిలిస్తే పలుకని బిడ్డకు వినికిడి లోపం లేదని నిర్ధారించుకొనకుండా ముందుకు పోకూడదు. పొట్లం చప్పుడుకు పరుగెత్తే బిడ్డ చెవులు బాగున్నాయని ఇంటివారు అనుకోవటం సహజం. కాని కొన్ని స్థాయిల శబ్దాలు వినబడి, కొన్ని వినబడని పిల్లలు ఉన్నారు. నిద్రపుచ్చి యంత్రంతో చేసే బేరా వంటి పరీక్షలతో ఈ సంగతి తేలుతుంది. ఈ సేవలలో మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ, 1983లో బొంబాయిలో స్థాపితమైన అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ పేరెన్నికగన్నవి.

తరువాత జల్లెడ పట్టే ప్రశ్నావళి. పదహారు నుండి ముప్పది నెలల వయసు పిల్లలకు ప్రపంచమంతటా వాడుకలో ఉన్న ఒక ప్రశ్నావళిలో ఇరువది ప్రశ్నలు ఉంటాయి. జల్లెడలో మిగిలినంత మాత్రాన బిడ్డకు ఆటిజం ఉన్నదని తేలినట్లు కాదు. క్షుణ్ణమైన పరీక్ష కావాలని మాత్రమే అర్థం. ఈ భేదం తెలియక తల్లిదండ్రులు కొందరు ప్రశ్నావళితోనే గుండె చెదిరిపోతారు; మరికొందరు అందులో గట్టెక్కితే ఇక భయం లేదని ఊరుకుంటారు. రెండూ పొరపాట్లే.

అసలు పరీక్షకు గంటలు పడుతుంది; కొన్నిచోట్ల రెండు మూడు దినాలు రావలసి ఉంటుంది. గర్భధారణ నాటి నుండి బిడ్డ చరిత్ర అడుగుతారు: ఎప్పుడు నవ్వాడు, ఎప్పుడు నడిచాడు, వచ్చిన మాట పోయినదా, మూర్ఛలు వచ్చాయా, తోడబుట్టినవారు ఎట్లా ఉన్నారు. నేలమీద కూర్చుండి బిడ్డతో ఆడుతూ వాని చూపును, సైగను, ఆటను గమనిస్తారు. తెలివితేటలను, మాటను, తిండి, స్నానం, బట్ట కట్టుకోవటం వంటి దైనందిన కృత్యాలను వేరువేరుగా కొలుస్తారు. ఒక్క వైద్యుడు పది నిమిషాలు చూసి, తలెత్తకుండా చీటీ మీద ఒక మాట వ్రాసి ఇస్తే దానిని సంపూర్ణ పరీక్ష అనుకోరాదు. వైద్యుడు, మనస్తత్వ నిపుణుడు, వాక్ నిపుణుడు కలసి చూడటం ఉత్తమం. బాలికల విషయంలో మరికొంత శ్రద్ధ అవసరం. ఆటిజం బాలురలో మూడు నాలుగింతలు అధికంగా గుర్తింపబడుతున్నది. మౌనంగా ఒక మూల కూర్చున్న బాలికను ‘బుద్ధిమంతురాలు’ అని మెచ్చుకొని విడిచిపెట్టే అలవాటు కూడా దీనికి కొంత కారణం.

పరీక్ష ఏ భాషలో జరుగుతున్నదన్నది చిన్న విషయం కాదు. మరాఠీలో ఆజ్ఞ ఇస్తే భివండీ బాబు కదలకపోవచ్చు. అది ఆటిజమో, మరాఠీ అర్థం కాకపోవటమో తేల్చాలి. తల్లి హిందీలో తడబడుతూ చెప్పిన జవాబులో సగం సంగతి జారిపోతుంది. ‘వేలు పెట్టి చూపిస్తాడా?’ అనే ప్రశ్నకు, చేయి పట్టి లాగటాన్ని కూడా చూపించటమే అనుకొని ఆమె ‘ఔను’ అనవచ్చు. అందువల్ల తల్లి తన భాషలో చెప్పుకొనే అవకాశం అడిగి తీసుకోవాలి. దుబాసిగా బంధువునో స్నేహితునో వెంట తీసుకొనిపోవాలి. భారతదేశపు సామాజిక పరిస్థితులకు తగిన కొలమానం ఉండాలన్న ఉద్దేశంతో సికిందరాబాదు జాతీయ సంస్థ 2009లో ఒక భారతీయ కొలమానాన్ని రూపొందించినది. సాంఘిక సంబంధాలు, భావస్పందన, మాట, ప్రవర్తన, ఇంద్రియానుభవం, గ్రహణశక్తి అనే ఆరు విభాగాలలో 40 అంశాలు ఇందులో ఉన్నాయి. ఒక్కొక్క అంశానికి ఒకటి నుండి ఐదు వరకు మార్కులు. మొత్తం 70 కంటె తక్కువైతే ఆటిజం లేనట్లు; 70 నుండి 106 వరకు స్వల్పం; 107 నుండి 153 వరకు మధ్యస్థం; ఆ పైన తీవ్రం. పరీక్షలో మార్కులు పెరిగితే సంతోషించే దేశంలో ఈ మార్కులను తల్లిదండ్రులు గుండె చేతపట్టుకొని వింటారు. అవి బిడ్డ విలువను కొలిచేవి కావు, వానికి కావలసిన సహాయాన్ని కొలిచేవని వారికి నిదానంగా చెప్పటం నిపుణుల ధర్మం.

ఈ కొలత చట్టం దృష్టిలో కూడా ముఖ్యమైనది. వికలాంగుల కోసం 1995లో వచ్చిన చట్టంలో ఆటిజం ప్రస్తావనే లేదు. తల్లిదండ్రుల సంఘాలు పట్టుదలతో కృషి చేసిన మీదట 1999లో జాతీయ ట్రస్టు చట్టం ఆటిజాన్ని పేర్కొన్నది. తల్లిదండ్రుల అనంతరం బిడ్డ గతి ఏమిటన్న వేదనకు జవాబుగా, పదునెనిమిదేళ్ళు నిండినవారికి సంరక్షకులను నియమించే ఏర్పాటు అందులో ఉన్నది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఆటిజం ఒకటి. నలువది శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్లు ధ్రువపత్రం పొందిన పిల్లలకు ఆరేళ్ళ నుండి పదునెనిమిదేళ్ళ వరకు ఉచిత విద్యకు హక్కు ఉన్నది. పాఠశాలలో చేరిక, పరీక్షలలో సదుపాయాలు, బీమా – వీటన్నిటికీ ద్వారం ఆ నిర్ధారణయే. ‘పేరు పెడితే ముద్ర పడుతుంది’ అని భయపడే పెద్దలకు ఒక మాట చెప్పవలసి ఉన్నది. పేరు పెట్టకపోయినా లోకం పేరు పెట్టకుండా ఉండదు. మొండివాడని, పొగరుబోతని, పెంపకం చాలనివాడని అంటుంది. వాటితో పోలిస్తే ఆటిజం అనే పేరు సత్యం. సహాయానికి దారి చూపే పేరు.

నిర్ధారణ విన్న నాటి సాయంకాలం ఏ ఇంటిలోనైనా చీకటిగానే ఉంటుంది. ఆ చీకటిని చూసి వచ్చేవారిలో ఆప్తులూ ఉంటారు, వ్యాపారులూ ఉంటారు. మూడు నెలలలో నయం చేస్తామని, మూలకణాలు ఎక్కిస్తామని, ఒంటిలోని విషాన్ని తీస్తామని వేలు లక్షలు గుంజేవారు తక్కువగా లేరు. ఆటిజాన్ని తొలగించే మందు లేదు. నిద్రలేమికో, మూర్ఛకో, తీవ్రమైన అలజడికో వైద్యులు మందులు ఇవ్వవచ్చు. అది వేరు సంగతి. 2017 జాతీయ మార్గదర్శకాలలో మూలకణాలను చికిత్సగా ఆమోదించిన జాబితాలో ఆటిజం లేదు. టీకాల వల్ల ఆటిజం వస్తుందన్న భయం కూడా నిరాధారమైనది. 1998లో ‘లాన్సెట్’ పత్రికలో పన్నెండుగురు పిల్లలను గురించి వెలువడిన ఒక వ్యాసంతో ఆ భయం పుట్టినది. ఆ పత్రికయే 2010లో దానిని ఉపసంహరించుకున్నది. లక్షల మంది పిల్లలపై జరిగిన అధ్యయనాలలో అటువంటి సంబంధం కనబడలేదు. ఈ భయంతో తరువాతి బిడ్డకు టీకా మానితే తట్టు కాటుకు బిడ్డను అప్పగించినట్లే.

అయితే చేయగలిగినది లేదా? చాలా ఉన్నది. అది ఖరీదైన గదులలోనే దొరకదనటానికి దక్షిణాసియాలోనే మంచి నిదర్శనం ఉన్నది. భారతదేశంలోని గోవాలోను, పాకిస్తానులోని రావల్పిండిలోను 65 మంది పిల్లల కుటుంబాలతో ఒక ప్రయోగం జరిగినది. దాని ఫలితాలు 2016లో అచ్చయినవి. ప్రత్యేక నిపుణులు కాని ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, వారిచేత తల్లిదండ్రులకు నేర్పించారు. బిడ్డ చూపు ఎటు పోతే తామూ అటు చూడటం, బిడ్డ ఆటలోకి తాము ప్రవేశించటం, చిన్న మాట అని జవాబుకు ఆగటం – నేర్పినవి ఇటువంటివే. సాధారణ సేవలు మాత్రమే పొందిన కుటుంబాలతో పోలిస్తే ఈ తల్లిదండ్రులు బిడ్డల మనసుకు అనుగుణంగా మెలగటం, పిల్లలు తమంతట తాము పలుకరించటం అధికమైనవి. సరిహద్దుకు ఇరువైపులా తల్లుల మొగమాటం ఒక్కటే. పిల్లల చిరునవ్వు ఒక్కటే.

కనుక పరీక్షకు తేదీ దూరంగా ఉన్నదని బిడ్డ పెంపకాన్ని వాయిదా వేయవలసిన పని లేదు. దారపు కండెలు పేర్చుకుంటున్న బాబు పక్కన తల్లి కూర్చుండి తానూ ఒక కండె పేర్చవచ్చు. ‘ఎర్ర కండె’ అని తన తెలుగులోనే అనవచ్చు. నీళ్ళ కుండ దగ్గర ఒక క్షణం ఆగి బిడ్డ చూపు కోసం నిరీక్షించవచ్చు. తరువాత తేలేది ఆటిజమైనా కాకపోయినా ఈ పనుల వల్ల బిడ్డకు నష్టం లేదు.

ఆమె చేయదగిన మరొక పని డొనాల్డ్ తండ్రి చేసినదే. పదిరూపాయల నోటు పుస్తకం ఒకటి చాలు. ఏ తేదీన ఏమి చూసినదీ అందులో వ్రాసుకోవాలి: మొదటి మాట ఏది, అది ఎప్పుడు పోయినది, ఏ చప్పుడుకు చెవులు మూసుకున్నాడు, ఎవరిని చూసి నవ్వాడు. చేయగలిగినవి కూడా వ్రాయాలి; లోపాల పట్టికలో బిడ్డ పూర్తిగా కనబడడు. ఇంటిలో తీసిన రెండు నిమిషాల సెల్‌ఫోను చిత్రం ఉంటే నిపుణులకు మరింత మేలు. చదువురాని తల్లి చెపితే బడికి పోయే అక్కయో అన్నయో వ్రాయవచ్చు. బడులలో, కళాశాలలలో చదువుకుంటున్న యువతీయువకులు తమ వాడలో ఇటువంటి ఇంటికి చేయగల గొప్ప సేవ ఇదే: వ్రాసిపెట్టటం, దుబాసిగా వెంట వెళ్ళటం, తరగతిలో ఒంటరిగా కూర్చున్న సహాధ్యాయిని ఆటకు పిలవటం.

డొనాల్డ్ ట్రిప్లెట్ పెరిగి పెద్దవాడై 1958లో కళాశాల పట్టం పుచ్చుకున్నాడు. తమ ఊరి బ్యాంకులో దీర్ఘకాలం ఉద్యోగం చేశాడు. కారు నడిపాడు, గోల్ఫ్ ఆడాడు, దేశదేశాలు ఒంటరిగా తిరిగివచ్చాడు. 2023 జూన్ మాసంలో 89వ ఏట, పుట్టిన ఊరిలోనే కన్నుమూశాడు. ఆటిజం వానిని విడిచిపోలేదు. ఊరు కూడా వానిని విడిచిపెట్టలేదు. అందరి జీవితాలూ అట్లాగే సాగుతాయని ఎవరూ హామీ ఇవ్వలేరు. డొనాల్డ్ కుటుంబానికి ధనమున్నది, పలుకుబడి ఉన్నది. భివండీ సాంచెల కుటుంబానికి అవి లేవు. ఆ లోటు పూరించటానికే అంగన్‌వాడీలు, జిల్లా కేంద్రాలు, చట్టాలు ఏర్పడినవి. అవి తమ పని తాము చేసేటట్లు చూడటం సమాజం బాధ్యత. తాను చూసినదానిని నమ్మి, భయపడక, ఆలస్యం చేయక చెప్పటం తల్లిదండ్రుల వంతు. ఆ మాటను తేలికగా తీసివేయక, వారి భాషలో చివరిదాకా వినటం తక్కిన అందరి వంతు.